లోపలున్నవన్నీ బయటికి

ఆ రోజు పెందలాడే ఆఫీసుకు వెళ్లి, పాత ఫైళ్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని ముగించేయాలనుకున్నాడు రికార్డుల గుమాస్తా. కడుపు మరోలా అనుకుంది. ఆరింటికి పట్టుకున్న వాంతులూ విరేచనాలూ తొమ్మిదింటికి మనిషిని పిప్పి చేసి వదిలాయి. డాక్టరు ఫోన్లోనే విని, "కడుపులో వైరస్. ఇంకొకళ్లకి అంటుకుంటుంది. తగ్గాక కూడా రెండ్రోజులు ఎవరి దగ్గరికీ పోకండి" అన్నాడు. పోవడానికి ఎవరున్నారు గనక? భార్య పోయాక ఆ మూడో అంతస్తు గదిలో చేరి నాలుగేళ్లయింది. ఇంతవరకు తలుపు తట్టిన పుణ్యాత్ముడు లేడు.

చెప్పుకోవడానికి దిక్కులేక సూపర్నెంటుకే ఫోన్ చేశాడు.

"సార్, వైరస్ వచ్చిందండి."

"ఎప్పుడు?"

"తెల్లారినప్పట్నుంచీ. లోపలున్నవన్నీ బయటికొచ్చేస్తున్నాయి సార్."

"అన్నీనా?"

"ఒక్కటీ మిగల్లేదు. పక్కవాళ్లకీ పాకుతుందట."

ఫోన్ టక్కున ఆగిపోయింది. ఎలా ఉన్నావని ఒక్క మాటైనా అడగలేదే అని గుమాస్తా చిన్నబుచ్చుకున్నాడు. అక్కడ సూపర్నెంటు పరుగున పోయి మెయిన్ స్విచ్ కట్టేశాడు. నలభై కంప్యూటర్లు ఆరిపోయాయి. లిఫ్టు ఆగింది, అందులో పెద్దాఫీసరు ఇరుక్కున్నారు. ఆఫీసు గుట్టంతా బయటికి పోతోందని పదింటికల్లా పై ఆఫీసు దాకా పొక్కింది.

పదకొండింటికి గుమాస్తా తలుపు చప్పుడైంది. తన కోసం ఎవరో వచ్చారు! గోడ పట్టుకుని నడిచి, చెమర్చిన కళ్లతో తలుపు తీశాడు.

"వైరస్ ఎక్కడండీ?" అన్నాడు సూపర్నెంటు పంపగా సంచీ నిండా తీగలతో వచ్చిన కంప్యూటర్ల మెకానిక్. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి.

గుమాస్తా పొట్ట చూపించాడు.

మెకానిక్ ఆ పొట్టనూ తన సంచీనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కిందికి వెళ్లి ఓఆర్ఎస్ పొట్లాలు తెచ్చి నీళ్లలో కలిపాడు. "గటగటా తాగితే మళ్లీ కక్కుతారు. కొంచెం కొంచెం పుచ్చుకోండి" అంటూ సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నాడు.

"వెళ్లేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి గురువుగారూ."

"ముప్పై ఏళ్లుగా వైరస్‌లతోనే కదండీ నా కాపురం!" అని అతను నవ్వి వెళ్లిపోయాడు.

మూడోనాటికి మెకానిక్ మంచమెక్కాడు. అతనూ ఒంటివాడేనని గుమాస్తాకు అప్పుడే తెలిసింది. డాక్టరు పెట్టిన గడువు తీరగానే పొట్లాలూ సబ్బూ బ్లీచింగూ పట్టుకుని వెళ్లాడు. కుళాయీ తలుపు గడియా తుడిచి, గ్లాసు అందించాడు.

"నాకోసం ఇలా ఒక మనిషి వచ్చి ఎన్నేళ్లయిందో!" అన్నాడు మెకానిక్ నీరసంగా.

"నాకైతే మొన్ననే" అన్నాడు గుమాస్తా.

ఆ సోమవారం ఆఫీసు గోడ మీద సర్క్యులర్ వెలిసింది: "ఇకమీదట వైరస్ సోకినట్లు తెలియజేయు సిబ్బంది, అది మనిషికా యంత్రానికా అన్నది ముందుగా చెప్పవలెను."