కంటైనర్‌లో పెద్దల్లుడు

ఆ రోజు పెద్దల్లుడు పెందలాడే గోడౌనుకి బయలుదేరింది పని మీద ప్రేమతో కాదు, తోడల్లుడి పనిలో తప్పు పట్టడానికి.

ఇద్దరూ అక్కాచెల్లెళ్ళను చేసుకున్నారు. ఇద్దరిదీ ఒకే గోడౌనులో సరుకు కట్టే పని. ఓడెక్కే సామాను దెబ్బ తినకుండా చెక్కపెట్టెల్లో సర్ది, కంటైనర్‌లో బిగించాలి. అత్తగారింటి పిలుపే గోడౌనులోనూ స్థిరపడిపోయి ఒకడు పెద్దల్లుడు, ఇంకొకడు చిన్నల్లుడు అయ్యారు. పెద్దల్లుడికి ఆ గోడౌనులోనే తల నెరిసింది. చిన్నల్లుడు చేరి ఏడాది కాలేదు. అయినా ఓ నాటకశాల కోసం వెళ్ళే నిలువుటద్దాల పని మేనేజరు చిన్నవాడికే అప్పగించాడు.

అది చాలదన్నట్టు పొద్దున్నే భార్య అంది: "మా అమ్మ తన టీ కప్పులు మరిదిగారి చేతే కట్టించుకుంటుందట."

"ఏం, నా చేతులు పడిపోయాయా?"

"మొన్న మీరు కట్టింది విప్పితే జాడీ పిడి ఊడి చేతికొచ్చింది కదండీ."

"ఆ పిడి ముందే వదులు!" అంటూ చెప్పులేసుకున్నాడు.

అతను వెళ్ళేసరికి పెట్టెలన్నీ కంటైనర్‌లోకి ఎక్కేశాయి. చిన్నల్లుడు గాలి పంపు తేవడానికి వెళ్ళాడు. ఇదే అదనని పెద్దల్లుడు లోపలికి దూరాడు. బెల్టులు లాగి చూశాడు. వీణ తీగల్లా బిగిసి ఉన్నాయి. అడ్డుగా కొట్టిన చెక్కల్ని తన్ని చూశాడు. బొటనవేలు వాచింది తప్ప చెక్క కదల్లేదు. చివరికి రెండు పెట్టెల మధ్య ఓ సందు, అందులో ఊరికే వేలాడుతున్న ఖాళీ సంచీ కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

"దొరికావురా!" అనుకుని పక్కకి తిరిగి ఆ సందులోకి జొరబడ్డాడు.

నిజానికి అది పెట్టెలు కదలకుండా సందులో గాలి నింపడానికి వేలాడదీసిన సంచీ. ఆ సంగతి కోపంలో అతని బుర్రకి తట్టలేదు. చిన్నల్లుడు తిరిగొచ్చి గొట్టం తగిలించాడు. పెద్దల్లుడు అప్పుడే కేకెయ్యచ్చు. కానీ ఇక్కడేం చేస్తున్నావని అడిగితే ఏం చెప్పాలో తేలలేదు. తేలేలోగా సంచీ ఉబ్బి అతన్ని వెనక పెట్టెకి అదిమేసింది. అప్పుడు అరిచాడు. పంపు మోతలో ఆ అరుపు ఎవరికీ వినపడలేదు. తలుపులు పడ్డాయి. లారీ కదిలింది.

దారిలో ఏ సైకిలు అడ్డొచ్చిందో, డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. అద్దాలన్నీ పగిలి మీద పడటం ఖాయమని పెద్దల్లుడు కళ్ళు మూసుకున్నాడు. ఏమీ కాలేదు. ఒక్క పెట్టె కూడా వెంట్రుకవాసి జరగలేదు. బతికి బయటపడ్డానన్న సంతోషం కాసేపైనా నిలవలేదు.

"ఒక్కటంటే ఒక్కటి కాస్త కదిలితే వీడి సొమ్మేం పోయింది!" అని చీకట్లో పళ్ళు కొరికాడు.

రేవులో లారీలు తూచే కాటా దగ్గర బరువు ఎక్కువొచ్చింది. సరుకు సాగనంపడానికి నాటకశాల యజమానురాలితో కలిసి కారులో వచ్చిన మేనేజరు, డ్రైవరు పక్కన కూచుని వచ్చిన చిన్నల్లుడి మీద విరుచుకుపడ్డాడు.

"లోపల ఇంకేం ఎక్కించావయ్యా?"

"నా పిల్లల మీద ఒట్టు సార్, అద్దాలు తప్ప ఏమీ లేవు!"

తలుపులు తీశారు. "ఎవరైనా గాలి తియ్యండర్రా!" అని సందులోంచి మూలుగు వినిపించింది. సంచీ చప్పబడ్డాక చెమటలో తడిసిన పెద్దల్లుడు బయటికొచ్చాడు.

"ఎవరీయన? అద్దాల మధ్య ఈయనకేం పని?" అందావిడ.

తోడల్లుడి బుద్ధి చిన్నల్లుడికి తెలియంది కాదు. కానీ చెబితే ఇంటి పరువు పోతుంది.

"మా అన్నయ్యండీ. పనంటే ప్రాణం. సరుకు కదులుతుందో లేదో తనే లోపల కూచుని చూసుకుంటాడు."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "కదిలిందాండీ?"

పెద్దల్లుడు వాచిన బొటనవేలు చూసుకున్నాడు. "లేదండీ," అన్నాడు. అంత కష్టమైన మాట జన్మలో ఎప్పుడూ అనలేదు.

ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. మిగతా అద్దాలన్నీ ఈయన చేతుల మీదుగానే రావాలంది. మేనేజరు సరేనన్నాడు. కట్టిందెవరని ఎవరూ అడగలేదు.

సాయంత్రానికి కబురు అత్తగారింటికి చేరింది. "ప్రాణాలకి తెగించి పనిచేసే అల్లుడు!" అంటూ అత్తగారు పెద్దల్లుడికి కొసరి కొసరి వడ్డించింది. చిన్నల్లుడు ఆకలి లేదని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు పెద్దల్లుడు రెండో కంటైనర్ మూయబోతుంటే, పెట్టెల సందులో అప్పటికే సర్దుకుని కూచున్న చిన్నల్లుడు కనిపించాడు.

"నువ్వు తలుపేసెయ్యన్నయ్యా," అన్నాడు.