కూర్చున్నట్టే అనిపించే మేజోళ్లు

పరుగులో కాళ్లదేముందండీ! పరుగంతా కంప్రెషన్ మేజోళ్లదే. నమ్మనివాళ్లు ఓసారి పొద్దున్నే మా పార్కుకొచ్చి చూడండి. మోకాళ్ల దాకా నల్లటి బిగుతు మేజోళ్లు, పైన బిగుతు లాగు, చేతులకు బిగుతు తొడుగులు. ఊపిరాడక మేం పడే అవస్థ చూస్తే ఎవరైనా పెద్ద క్రీడాకారులనే అనుకుంటారు. మాకు కావలసిందీ అదే.

వీటిని తొడుక్కోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. మంచం అంచున కూర్చుని, పళ్లు బిగబట్టి, పిక్క దాకా లాగేసరికి సగం వ్యాయామం అక్కడే అయిపోతుంది. మిగతా సగం విప్పేటప్పుడు అవుతుంది. మధ్యలో పరిగెత్తడమంటారా, అది ఎవరి ఓపికను బట్టి వాళ్లది.

మాకు ఈ విద్య నేర్పినవాడు కెప్టెన్. ఊళ్లో పెద్ద బట్టల షాపు ఆయనదే. పార్కులో అందరం ఆయన్ని కెప్టెన్ అనే పిలుస్తాం. మా ఆవిడ పనిచేసేది ఆ షాపులోనే కాబట్టి నేను కాస్త గట్టిగా పిలుస్తాను.

"నిలబడితే రక్తం కిందికి దిగి పిక్కల్లో పేరుకుంటుంది. ఈ మేజోడు దాన్ని పట్టి పైకి నెడుతుంది" అని కెప్టెన్ రోజూ చెప్తాడు. మా జట్టులో ఒక పళ్ల డాక్టరున్నాడు, ఉత్త అనుమానాల పుట్ట. "వీటితో వేగం పెరుగుతుందని ఎవరూ గట్టిగా తేల్చలేదు. నొప్పి తగ్గినట్టు అనిపిస్తుందంతే" అంటాడు. అనిపిస్తే చాలదా? నవ్వితే బాగుంటానని అనిపించబట్టే కదా నేను ఫొటోలు దిగుతున్నాను!

ఈ జ్ఞానాన్ని ఓ సాయంత్రం ఇంట్లో కూడా పంచాను. మా ఆవిడ వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చునుంది. షాపు తెరిచింది మొదలు మూసేదాకా కౌంటరు వెనక నిలబడే ఉండాలి, అమ్మేవాళ్లు కూర్చోకూడదని అక్కడి రూలు. పాదాలు వాచిపోయి చెప్పుల పట్టీల అచ్చు లోతుగా దిగింది.

"అయితే నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుందని మీ కెప్టెన్‌కి తెలుసన్నమాట" అంది.

"తెలియకేం. దాని మీద గంటసేపు మాట్లాడగలడు."

"ఆ గంటలో ఒక్క నిమిషం మా స్టూళ్ల సంగతి అడుగుదురూ. ఇలాగే నిలబడితే ఉద్యోగం మానెయ్యాల్సొస్తుందని డాక్టరమ్మ చెప్పేసింది."

మర్నాడే అడిగాను. కెప్టెన్ అప్పుడు ఒంగి కాలివేళ్లు అందుకునే ప్రయత్నంలో ఉన్నాడు. "స్టూలేస్తే మనిషిలో చురుకుదనం పోతుందయ్యా" అన్నాడు కిందనుంచే. కానీ లేచాక ఆలోచించాడు. వారం తిరక్కుండా షాపులో అమ్మాయిలందరికీ తలో జత కంప్రెషన్ మేజోళ్లు పంచి, ఉపన్యాసం కూడా ఇచ్చాడు. "ఇకనుంచి మీరూ అథ్లెట్లే. ఇవి వేసుకుంటే నిలబడినా కూర్చున్నట్టే అనిపిస్తుంది."

చూశారా మేజోళ్ల మహిమ! స్టూలుకి చోటు కావాలి, మేజోడుకి కాలుంటే చాలు. బస్సుల్లో సీట్లు పీకేసి ప్రయాణికులకు తలో జత ఇస్తే ఎంత జాగా కలిసొస్తుంది? ఆస్పత్రి వరండాలో బెంచీలు దేనికి? బళ్లో పిల్లలకు బల్లలు దేనికి? అసలు వడ్రంగులందరినీ మేజోళ్లు అల్లడానికి పంపేస్తే పోలేదూ?

మొన్న ఆదివారం కెప్టెన్ పార్కులో పరుగు పందెం పెట్టాడు. చప్పట్లు కొట్టడానికి షాపువాళ్లందరినీ ముగింపు గీత దగ్గర నిలబెట్టాడు. సరంజామా అంతా బిగించుకుని గీత దాకా దర్జాగానే వచ్చాడు పాపం. దాటీ దాటగానే పిక్క పట్టేసింది. ఒంటికాలి మీద నిలబడి, "కుర్చీ... ఎవరైనా కుర్చీ తెండయ్యా" అని మూలిగాడు.

కుర్చీ లేదు. మా ఆవిడ ముందుకి నడిచింది. ఉద్యోగం పోయిందిరా దేవుడా అనుకున్నాను. ఆమె సంచిలోంచి ఆయన పంచిన జత తీసి రెండు చేతులా అందించింది.

"మీకు ఒక జత చాలినట్టు లేదు సార్. పైన ఇదీ వేసుకోండి. నిలబడినా కూర్చున్నట్టే అనిపిస్తుంది."

చప్పట్లు ఆగిపోయాయి. ఆమె గొంతులో ఎగతాళి లేదు. కెప్టెన్ ఆ మేజోళ్లకేసి చూశాడు, తరవాత వాచిన ఆమె పాదాలకేసి చూశాడు. పళ్ల డాక్టరు భుజం పట్టి ఆయన్ని మెల్లగా బెంచీ దాకా నడిపించుకెళ్లాడు.

సోమవారం కౌంటరు వెనక ఒక స్టూలు వెలిసింది. ఒక్కటే. అమ్మాయిలు వంతులేసుకుని కూర్చుంటున్నారట.

కాబట్టి కంప్రెషన్ మేజోళ్లు పనిచేయవని ఇంకెవరైనా అంటే నేను ఊరుకోను. భేషుగ్గా పనిచేస్తాయి. కాకపోతే ఓనరు కాలికి తొడగాలి, పిక్క పట్టేదాకా పరిగెత్తించాలి.