గడ్డికి ఆదివారం సెలవు

గుట్టుగా దానం చేసేవాళ్లంటే నాకు మొదటి నుంచీ అనుమానం. ఇచ్చేది మంచి వస్తువే అయితే ఫోటో తీయించుకోవడానికి భయమెందుకు? మైకులో చెప్పుకోవడానికి సిగ్గెందుకు? పుచ్చుకున్నవాడి మొహం పదిమందికీ చూపించకపోతే అసలు ఇచ్చారనడానికి రుజువేమిటి?

ఈ విషయంలో, దేశం కాని దేశంలో ఉన్నా, మా పాసిర్ రిస్ పేట వాళ్లం అదృష్టవంతులం. మాకు ఈస్ట్ షోర్ హెరాన్స్ ఉంది. అదొక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు. ఆటలో గెలవడమనే అల్పమైన కోరిక వాళ్లకు ఎప్పుడో పోయింది. మ్యాచ్ రోజున స్టేడియంలో ప్రేక్షకుల కంటే చిరుతిళ్లు అమ్మేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. కానీ సమాజసేవలో మాత్రం వాళ్లను కొట్టే జట్టు లేదు. గోల్‌కీపర్ లేకుండా మ్యాచ్‌కైనా వెళ్తారేమో గానీ, ఫోటోగ్రాఫర్ లేకుండా వృద్ధాశ్రమం గడప తొక్కరు.

ఈ ఏడాది వాళ్ల దయాదృష్టి షిప్‌యార్డు కార్మికుల మీద పడింది.

మా బ్లాక్ వెనక ఒక ఖాళీ గ్రౌండ్ ఉంది. శ్రీకాకుళం నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చిన వెల్డర్ ఉపేంద్ర, అతని స్నేహితుడు మారయ్య, వాళ్ల డార్మిటరీ వాళ్లు ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం సాయంత్రం అక్కడ నెట్ కట్టుకుని వాలీబాల్ ఆడుకునేవారు. వాళ్ల కేకలు మా బాల్కనీలోకి వినిపించేవి. వారమంతా ఫోర్‌మన్ కేకలు వినేవాళ్లు, ఆ కాసేపూ సొంతంగా కేకలు వేసుకునేవాళ్లన్నమాట. అది చూసి హెరాన్స్ మనసు కరిగింది. పాపం, కంచె లేకుండా, తాళం లేకుండా, స్పాన్సర్ లేకుండా ఆడుకుంటున్నారే!

వెంటనే గ్రౌండ్‌ని దత్తత తీసుకున్నారు. చుట్టూ ఆకుపచ్చ కంచె వేశారు. గేటు పెట్టారు, గేటుకు తాళం వేశారు. పైన పెద్ద బోర్డు: 'వలస సోదరుల కోసం, ప్రేమతో'. బోర్డు మీద గాల్లోకి ఎగిరి స్మాష్ కొడుతున్న ఉపేంద్ర ఫోటో. ఫుట్‌బాల్ క్లబ్ బోర్డు మీద వాలీబాల్ ఉంటే బాగుండదు కదా, కంప్యూటర్‌లో దాన్ని తీసేసి ఫుట్‌బాల్ అతికించారు. ఇప్పుడక్కడ ఉపేంద్ర నవ్వుతూ ఫుట్‌బాల్‌ని చేత్తో బాదుతుంటాడు. వాళ్ల ఆటలో దాన్ని ఫౌల్ అంటారని ఆ జట్టుకు చెప్పేవాళ్లెవరూ దొరకలేదు.

మరి లోపల ఏం జరుగుతుందంటారా? సోమవారం నుంచి శనివారం దాకా ఫీజు కట్టిన పిల్లలకు కోచింగ్. ఆదివారం పూర్తిగా మూసేస్తారు. గడ్డికి విశ్రాంతి కావాలట.

ఎంత మానవత్వం! వారానికి ఒక్కరోజైనా సెలవు లేకపోతే గడ్డి ఏమైపోవాలి? ఉపేంద్రకు దొరికే సెలవు కూడా ఆ ఒక్క రోజే కదా అని మీరు గొణగవచ్చు. కానీ ఉపేంద్రను ఎంత తొక్కినా సోమవారం లేచి పనికి వెళ్తాడు. గడ్డి అలా కాదు, సుకుమారం.

అయినా తప్పు వీళ్లదే. ఇక్కడి హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాల దగ్గర, టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి 'చోప్' చేసుకుంటే, అదే, సీటు ఆపుకుంటే, ఎంత కోటీశ్వరుడైనా ఆ కుర్చీ జోలికి రాడు. ఇన్నేళ్లలో గ్రౌండ్ మధ్యన ఒక్క టిష్యూ ప్యాకెట్ పెట్టాలని వీళ్లకు తోచలేదు.

మొన్న దాన కార్యక్రమం కూడా ఆదివారమే పెట్టారు. పెద్దల టెంటు కోసం ఆ ఒక్కరోజుకీ గడ్డి సెలవు రద్దు చేశారు. వీళ్లను పొద్దున్నే బస్సులో తెచ్చి ఎండలో నిలబెట్టారు. ఒక్కొక్కరికీ ఒక జెర్సీ, ఒక జత ఫుట్‌బాల్ బూట్లు. ఫోటో కోసం మారయ్య చేతిలో బూట్ల పెట్టె మూడుసార్లు పెట్టారు. మొదటిసారి కెప్టెన్ కళ్లు మూసుకున్నాడు, రెండోసారి మారయ్య నవ్వలేదు.

ఆ క్లబ్ కమ్యూనిటీ కమిటీలో మన తెలుగాయన సుధాకరరావు గారున్నారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, అంతకంటే పెద్ద మనసు. ఆయన ఉపేంద్ర నోటి దగ్గర మైకు పెట్టి, "ఇంకా ఏం కావాలో చెప్పవయ్యా, మొహమాటపడకు. మనం మనం తెలుగువాళ్లం" అన్నారు.

ఉపేంద్ర బూట్ల పెట్టె కింద పెట్టాడు. "బూట్లు ఒద్దు బాబూ. ఆదోరం సాయంత్రం ఆ గేటు తాళం తీసెయ్యండి, సాలు. మా బంతి మాకుంది."

సుధాకరరావు గారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. మైకు వెనక్కి లాక్కుని, "సో టచింగ్. హీ సేస్ హీ వాంట్స్ టు ప్లే" అని అందరికీ ఇంగ్లీషులో చెప్పారు. చప్పట్లు మోగిపోయాయి. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఉందా చెప్పండి? ఆ తర్వాత మైకు కట్టేసి, "గ్రౌండ్ అంటే లయబిలిటీ ఇష్యూస్ ఉంటాయయ్యా. బూట్లు తీసుకో, నలుగురూ చూస్తున్నారు" అన్నారు మెల్లగా.

తర్వాతి ఆదివారం సాయంత్రం కాళ్లు అలవాటుగా లాక్కొచ్చాయేమో, అందరూ కొత్త జెర్సీల్లోనే వచ్చారు. గేటుకు తాళం ఉంది. కంచె బయట ఫుట్‌పాత్ మీద వరసగా కూర్చున్నారు. మారయ్య ఒళ్లో బంతి పెట్టుకుని దాని మీద చేతులు వేసి ఉంచాడు. ఎవరూ కేకలు వేయలేదు. మా బాల్కనీ ఎంత ప్రశాంతంగా ఉందంటే, నేను టీ కప్పు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయాను.

అటుగా వచ్చిన క్లబ్ ఫోటోగ్రాఫర్ వాళ్లను ఫోటో తీశాడు. మర్నాడు క్లబ్ పేజీలో అది వచ్చింది. కింద ఇలా రాశారు: 'మా అభిమానులు. సీజన్ మొదలయ్యేదాకా ఆగలేకపోతున్నారు.' దానికి సుధాకరరావు గారు హార్ట్ బొమ్మ పెట్టారు.

ఇంత గొప్ప జట్టుకు సలహా ఇచ్చేపాటి వాణ్ని కాను. కానీ వచ్చే ఏడాది వీళ్లకు గొడుగులు, నీళ్ల సీసాలు, ఇంకా ఏవేవో పంచాలని కమిటీ ఆలోచిస్తోందని విన్నాను. వద్దు మహాప్రభో. ఇచ్చింది చాలు. తీసుకున్నది తిరిగి ఇచ్చేయండి.