నెమలిగారి పొగ ఎంట్రీ

పులులకంటే కమిటీలే ఎక్కువున్న ఒక పెద్ద అడవిలో రాలుడు జ్వరం పట్టుకుంది. ఈకలున్నవాళ్లకి ఈకలు, ముళ్లున్నవాళ్లకి ముళ్లు రాలిపోతున్నాయి.

అడవి మందుల పరిశోధనశాలలో ఎన్ఎంఆర్ యంత్రం నడిపేది కంటకి అనే ముళ్లపంది. యంత్రమంటే ఓ పెద్ద అయస్కాంతం. రోగం తాలూకు ప్రోటీన్‌ని అందులో పెడితే కాగితం మీద ముళ్లలా గీతలు లేస్తాయి. మందు వెళ్లి ఆ ప్రోటీన్‌ని పట్టుకుంటే కొన్ని గీతలు పక్కకి జరుగుతాయి. పట్టుకోకపోతే జరగవు. యంత్రానికి మొహమాటం తెలీదు.

డైరెక్టర్ నెమలిగారు స్వయంగా కనిపెట్టిన మయూర భస్మం వేసి చూసింది కంటకి. ఒక్క గీతా జరగలేదు.

"జరగలేదా? ఫలితాలు స్థిరంగా ఉన్నాయని రాయండి!" అన్నారు నెమలిగారు.

"భేష్ సార్!" అంది కార్యదర్శి ఊసరవెల్లి, నెమలి నీలంలోకి మారిపోయి.

కంటకికి ఒళ్లు మండింది. "సార్, కొండచెట్టు బెరడు రసానికి మూడు గీతలు జరిగాయి. అందులో రెండు పదార్థాలున్నాయి. ఒకటి మందు, ఒకటి విషం. ప్రోటీన్‌ని పట్టుకునేది ఏదో శనివారానికి తేల్చేస్తాను. మా చెల్లికి ఇంకా పదకొండు ముళ్లే మిగిలాయి."

"శనివారం నా సన్మానం, అమ్మాయ్."

అయస్కాంతం వేడెక్కి చెడిపోకుండా వారం వారం ద్రవ నైట్రోజన్ పోయాలి; బయట ఒంపితే అది తెల్లటి పొగలు కక్కుతుంది. శనివారం పొద్దున చూస్తే డబ్బాలు ఖాళీ! వేదిక మీద మాత్రం మోకాలెత్తు తెల్లటి పొగ. అందులోంచి పింఛం విప్పుకుంటూ నెమలిగారి ఎంట్రీ. చప్పట్లే చప్పట్లు.

సన్మానపత్రం చదవడం ముగిసేలోపు పరిశోధనశాలలో అయస్కాంతం బుస్సుమని ప్రాణం వదిలింది.

పది రోజులకి నెమలిగారు వెనక తలుపులోంచి వచ్చారు. తోకకి ఒక్క ఈక లేదు.

"అమ్మాయ్, ఆ బెరడు మందు..."

"భస్మం వాడలేదా సార్?"

"ఎగతాళా? తొందరగా ఇవ్వు!"

కంటకి బెరడు రసంలోని పదార్థాల్ని వేరుచేసి నింపిన రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఒకటి మందు, ఒకటి విషం. ఏది ఏదో చెప్పాల్సిన యంత్రం మీ పొగలో కలిసిపోయింది. మా చెల్లికి రెండు ముళ్లు మిగిలాయి సార్. అదీ ఈ సీసాల వంకే చూస్తూ కూర్చుంది."

నెమలిగారు వెంటనే కమిటీని పిలిచారు. కమిటీ మూడు గంటలు చర్చించి, సీసాల జోలికి పోకుండా, విధి నిర్వహణలో అమరమైన యంత్రానికి సంతాపసభ జరపాలని తీర్మానించింది.

"నైట్రోజన్ ఈసారి రెండింతలు తెప్పిద్దాం సార్," అంది ఊసరవెల్లి, తెల్లగా మారిపోయి. "పొగ లేకపోతే ఏం బావుంటుంది?"

నీతి: మందు పనిచేస్తుందా అని యంత్రాన్ని అడక్కండి, వేదికని అడగండి; అది ఎవర్నీ ఎప్పుడూ కాదనలేదు.