తువ్వాలు కింద చెయ్యి

రిటైరైన డ్రిల్లు మాస్టరు సుబ్రమణ్యం ఆ శుక్రవారం పదిగంటలకు పలమనేరు వృద్ధుల సంఘంలో మాట్లాడాలి. విషయం: చక్కెర జబ్బు, చేతుల జాగ్రత్త. పద్దెనిమిదేళ్లుగా షుగరున్న తనకంటే అర్హుడు ఇంకెవడని ఆయన ధీమా. ప్రసంగం వల్లె వేసుకుంటూనే వంటింట్లోకి వెళ్లి, కాగుతున్న పాలగిన్నెను ఉత్తచేత్తో దించాడు. చుర్రుమనలేదు. కాసేపటికి రెండు వేళ్ల మీద బొబ్బలు మాత్రం లేచాయి.

"ఆస్పత్రికి పోదాం పద," అంది భార్య చెంగమ్మ.

"నొప్పే లేదు, ఆస్పత్రి ఎందుకు? సేతుల గురించి సెప్పేవాడే సెయ్యి కాల్చుకున్నాడంటే పరువు పోతాది," అని సుబ్రమణ్యం కుడిచేతి మీద తువ్వాలు కప్పుకుని బయలుదేరాడు.

దారిలో పశువుల సంత. అక్కడ ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చెబుతారు. అవతలివాడు చెయ్యి లాక్కోకపోతే బేరం కుదిరినట్టే. చెంగమ్మ పాడియావు మీద ఏడాదిగా కన్నేసిన దళారి మునస్వామికి, తువ్వాలు కప్పిన ఆ చెయ్యి చూడగానే ప్రాణం లేచొచ్చింది. పక్కకొచ్చి తన చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

"ఏమంటావు అయివారూ?"

సుబ్రమణ్యం మనసంతా ప్రసంగం మీదే ఉంది. "సరేలేప్పా, టైమైతా ఉండాది," అని సాగిపోయాడు.

వేదికెక్కి, "పొద్దున లేస్తూనే సేతులు రెండు పక్కలా సూసుకోవాల," అని మొదలుపెట్టాడో లేదో, గుమ్మంలో ఆవు కనబడింది. పగ్గం ఒక కొస మునస్వామి చేతిలో, రెండో కొస చెంగమ్మ చేతిలో ఉన్నాయి.

"నాకొక మాట సెప్పకుండా ఆవును అమ్మేసినావా?" అంది చెంగమ్మ.

"నేను యాడ అమ్మినాను?"

"తువ్వాలు కింద నీ ఏళ్లు గట్టిగా పట్టినాను గదా అయివారూ. నువ్వు సెయ్యి లాక్కోలేదు. తడి తగిలితే సెమట అనుకున్నా," అన్నాడు మునస్వామి.

"పట్టినావా?"

ఆయన నిజంగా తెలియకే అడిగాడు. ముందువరసలో ఉన్న నర్సు నిస్సీ లేచొచ్చి తువ్వాలు తీసింది. ఒక బొబ్బ చితికిపోయి ఉంది. ఆయన్ను కళ్లు మూసుకోమని, పెన్ను మూతతో వేలికొసలు ఒక్కొక్కటే నొక్కింది.

"ఎప్పుడు నొక్కతావమ్మా?" అన్నాడు సుబ్రమణ్యం, అయిదో వేలు కూడా అయిపోయాక.

ఎవరూ నవ్వలేదు. కళ్లు తెరిచి ఆ ముఖాలు చూశాక ఆయనకు మొదటిసారి భయమేసింది. "నొప్పి లేకుంటే మేలే గదా అనుకున్నా," అన్నాడు మెల్లగా.

"నొప్పి తెలీకపోతేనే భయపడాల సార్. ఇప్పుడే ఆస్పత్రికి పోదాం," అంది నిస్సీ.

ప్రసంగం అంతటితో ముగిసింది. వచ్చినవాళ్లంతా మాత్రం తమ చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ ఇళ్లకు వెళ్లారు. మునస్వామి పగ్గం వదిలేయడంతో ఆవు చెంగమ్మ వెంట కొట్టానికి పోయింది. మూడు వారాలు కట్లు కట్టించుకున్నాక సుబ్రమణ్యం వేళ్లు దక్కాయి.

ఇప్పుడు సంతలో మునస్వామి తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చే ముందు ప్రతివాణ్నీ ఒక మాట అడుగుతున్నాడు: "షుగరుండాదా అప్పా?"