నలభై బిందెల రుజువు

"వరదలో మునిగిన ప్రతి దుకాణానికీ అత్యవసర గ్రాంటు! ఇరవై నాలుగు గంటల్లో చేతికి సొమ్ము! ఒక్క రూపాయి పక్కదారి పట్టదు!" అని మంత్రిగారు రేడియోలో ప్రకటించిన క్షణాన, దర్జీగారి కొత్త పెళ్లాం ఆఖరి బకెట్టు బురదనీళ్లు వీధిలోకి విసురుతోంది.

పెళ్లై ఇరవై రోజులు. వీధికి రెండు మెట్లు దిగువనున్న ఆ కొట్టూ, నీళ్లు తాగి మూగబోయిన రెండు కుట్టుమిషన్లూ ఆమె కాపురం. వాటి మోటార్లు బాగుపడితే పెళ్లిళ్ల ఆర్డర్లు, లేకపోతే తలుపుకు తాళం. అందుకే వార్త వినగానే మొగుడి మెడలోని టేపు లాగి అతని నవ్వు కొలిచింది. రెండున్నర అంగుళాలు.

సొమ్ము పక్కదారి పట్టకుండా సర్కారు పదకొండు తనిఖీలు పెట్టింది. మొదటిది, అధికారి నష్టాన్ని కళ్లారా చూడాలి. మర్నాడు పొద్దున్నే అధికారి వచ్చాడు. నిప్పులాంటి మనిషి.

"నీళ్లేవమ్మా?"

"తోడేశాం సార్."

"ఎవరు తోడమన్నారు?" ఆ గొంతులో కోపం లేదు, ఖజానా మీద బెంగ ఉంది.

గోడ మీద నీటిచార చూపిస్తే, చార ఎవరైనా గీయొచ్చన్నాడు. తుప్పు చూపిస్తే, అది వరద తుప్పేనని ఎవరు ధ్రువీకరించారన్నాడు. సాయంత్రం మళ్లీ వస్తానని, ఈలోగా రుజువు సిద్ధంగా ఉంచమన్నాడు.

ఆలుమగలు వీధి కుళాయి నుంచి నలభై బిందెలు మోశారు. ఇరవయ్యో బిందె దగ్గర ఇద్దరికీ నవ్వాగలేదు.

"తోడిందీ నువ్వే, పోసేదీ నువ్వే. పనిమంతురాలైన కోడలంటే మా అమ్మ ఉద్దేశం ఇదన్నమాట" అన్నాడు మొగుడు.

సాయంత్రానికి కొట్టులో చీలమండల దాకా నీళ్లు. అధికారి తృప్తిగా చూశాడు. బూట్లు తడవకుండా పైమెట్టు మీదే నిలబడి, 'లోపల నీరున్నందున తనిఖీ సాధ్యపడలేదు' అని రాసుకున్నాడు. ఆమె మొహం చూసి జాలిపడి, సంచిలోంచి ఒక ఫైలు తీశాడు.

"మాదిరి ఫైలమ్మా. పదకొండు తనిఖీలూ ఒక్క పూటలో దాటింది. చూసి నేర్చుకోండి."

ఎంత ముచ్చటైన ఫైలో! ఒక్క మరక లేదు, ఒక్క కొట్టివేత లేదు. రెడీమేడ్ బట్టల దుకాణం, యజమాని అధికారిగారి సొంత బావమరిది. ఆమె చదువుకున్న పిల్ల కనక చిరునామా కూడా చదివింది. తలెత్తి తమ గుమ్మం మీది నంబరు చూసి, మళ్లీ చదివింది.

"సార్, ఇది మా కొట్టు."

"అందుకేగా వచ్చింది. రేపు పదింటికి మంత్రిగారు ఇక్కడే, దుకాణం లోపల, మా బావమరిదికి చెక్కు ఇస్తారు. తొమ్మిదికల్లా నీళ్లు తోడేసి మీ బోర్డు దింపేయండి. నిచ్చెన మీరే తెచ్చుకోండి, గ్రాంటులో దానికి పద్దు లేదు."

అధికారి వెళ్లిపోయాక మొగుడు మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె కాసేపు నీళ్లకేసి చూసింది. తర్వాత కొంగు బొడ్లో దోపింది.

"రేపు పొద్దున్నే బోర్డు దింపేద్దామండీ. ఆయన మాటెందుకు కాదనాలి?"

"మరి నీళ్లు?"

"ఇంకో నలభై పోద్దాం. లోపల నీరుంటే తనిఖీ సాధ్యపడదని ఆయనే రాసుకున్నాడుగా. మంత్రిగారు కళ్లారా చూడాలిగా."