మంత్రిగారి నాలుగు వందల స్నాప్‌షాట్లు

"ఇకమీదట ఏ పౌరుడి కాగితమూ పోదు. పోదామనుకున్నా పోలేదు" అని రికార్డుల మంత్రిగారు ప్రకటించిన మర్నాడే మా ఆఫీసులో సర్వర్ కూలిపోయింది. నేనక్కడ కౌంటర్ గుమాస్తాను. మంత్రిగారి ముందుచూపును కళ్లారా చూసే భాగ్యం నాకు అలా దక్కింది.

మూడోరోజు విలేకరులను వెంటబెట్టుకుని స్వయంగా వేంచేశారు. అప్పటికే కౌంటర్ దగ్గర బట్టలు కుట్టే ఒకావిడ నిలబడి ఉంది. పట్టాల సభలో ఆమెకు ఇంటి పట్టా ఇచ్చి, ఫొటో అవగానే, కంప్యూటర్‌లో ఎక్కించాలని వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. ఎల్లుండే గడువు.

"భయమెందుకమ్మా? డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా గంటగంటకీ నకలు, అదే స్నాప్‌షాట్, తీయించాను. ఇంజనీరు గారూ, జాబితా వేయండి" అన్నారు మంత్రిగారు.

ఇంజనీరు నల్లటి తెర మీద ఒక కమాండ్ కొట్టాడు. బిలబిలమంటూ నాలుగు వందల వరసలు దిగాయి. విలేకరులు చప్పట్లు కొట్టారు.

"వరస చివర ఫాల్స్, ఫాల్స్ అని ఉందేంటి బాబూ?" అంది ఆవిడ.

"వాడుకోవడానికి రెడీగా లేవని" అన్నాడు ఇంజనీరు. అతనికి ఉద్యోగం కొత్త.

మా ఆఫీసు డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "ఆ కాలమ్ లేకుండా వేయలేవా?"

"వేయొచ్చు సార్."

వేశాడు. "ఇప్పుడు అన్నీ భేషుగ్గా ఉన్నాయి" అన్నారు మంత్రిగారు, తృప్తిగా. మళ్లీ చప్పట్లు.

"జాబితా నాకెందుకండీ? నా పట్టా తీసివ్వండి, చాలు" అంది ఆవిడ.

ఇంజనీరు ఆ కాలమ్ మళ్లీ వేసి మొత్తం వెతికితే ఒకే ఒక్క వరసలో ట్రూ అని కనిపించింది. దాన్ని వెనక్కి తెచ్చేసరికి అరగంట పట్టింది. అంతసేపూ ఆవిడ కూర్చోలేదు. తెరిస్తే అందులో ఉన్నవి పట్టాల సభ ఫొటోలు. మంత్రిగారు నవ్వుతూ, చెయ్యి ఊపుతూ, మళ్లీ నవ్వుతూ ఆరు వందల పన్నెండు.

"ఆగండాగండి, అది నేనే" అంది ఆవిడ. మంత్రిగారి చేతుల మీదుగా పట్టా అందుకుంటూ, కెమెరా వైపు తిప్పి పట్టుకుని ఉంది.

"ఇంకేం, సాక్ష్యం దొరికింది" అన్నారు డైరెక్టరుగారు.

"కాస్త పెద్దది చేయి నాయనా, నంబరు రాసుకుంటాను." సంచిలోంచి పెన్ను తీసింది.

ఇంజనీరు పెద్దది చేశాడు. పట్టా తెరంతా పరుచుకుంది. తెల్లటి కాగితం. ఒక్క అక్షరం లేదు.

ఆవిడ పెన్ను మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"చూశారా, ఎంత స్పష్టంగా ఉందో" అన్నారు మంత్రిగారు విలేకరులతో.